లీటరు పొట్లాన్ని గ్లాసు నీళ్ళలో కలపవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

ఎండలు ముదిరేకొద్దీ గుంటూరులో కుళాయి నీళ్ళ రంగు మారిందనీ, ఫలానా వీధిలో వాంతులు, విరేచనాలతో జనం ఆసుపత్రి పాలయ్యారనీ మీ జిల్లా పేజీల్లో వార్తలు కనిపించడం ప్రతి ఏడూ ఉన్నదే. ఎంతమంది మంచం పట్టారు, పైపు ఎక్కడ పగిలింది, ఏ అధికారి వచ్చి చూసి వెళ్ళారు అన్న విషయాలు మీ విలేకరులు శ్రద్ధగానే రాస్తున్నారు. అయితే ఆ వార్త చదువుతున్న ఇంట్లోనే ఏడాది బిడ్డకు పొద్దుటి నుంచి అయిదారుసార్లు నీళ్ళ విరేచనాలు అయి ఉంటే, ఆ తల్లి ఈ రాత్రికి ఏం చేయాలన్నది మాత్రం ఆ పేజీలో ఏ మూలా ఉండదు. నేను ముప్ఫయ్యేళ్ళుగా పాతగుంటూరులో మందుల దుకాణం నడుపుతున్నవాణ్ణి. వైద్యుణ్ణి కాను. కానీ వైద్యుడి దగ్గరికి వెళ్ళే ముందు, చాలాసార్లు వెళ్ళడానికి బదులుగా, జనం వచ్చి నిలబడేది మా కౌంటర్ ముందే కనుక, ఓఆర్ఎస్ పొట్లం గురించి, అంటే విరేచనాలతో పోయిన నీరు, లవణాలు భర్తీ చేయడానికి నీళ్ళలో కలిపి పట్టే పొడి గురించి, అక్కడ నేను చూసిందీ, ఆలస్యంగా నేర్చుకున్నదీ మీ ద్వారా పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

"బాబాయ్ గారూ, పాపకి మోషన్స్ అవుతున్నాయి, కట్టేదేమన్నా ఇవ్వండి." ఇన్నేళ్ళలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట బహుశా ఇదే. పాప ఒంట్లో నీరు పోతోంది, దాన్ని తిరిగి ఎలా పట్టాలి అని అడిగినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఈ ‘కట్టడం’ అన్న మాట దగ్గరే మన పొరపాట్లు మొదలవుతున్నాయని నా అభిప్రాయం. పసిపిల్లలకు వచ్చే నీళ్ళ విరేచనాల్లో చాలా భాగం వైరస్‌ల వల్ల వచ్చేవి. వాటిని ఆపే మందు ఏదీ వేయకపోయినా సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ రోజుల్లో బిడ్డ ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు, పొటాషియం ఎప్పటికప్పుడు భర్తీ కాకపోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. 8 కిలోల బిడ్డ బరువులో పదో వంతు అంటే 800 గ్రాములు, అంటే ముప్పావు లీటరుకు కాస్త పైన నీరు. అంత నీరు పోయిన బిడ్డను వైద్యులు తీవ్రమైన నిర్జలీకరణంలో ఉన్నట్టు లెక్కిస్తారు. రోహిణి కార్తెలో పెద్దవాళ్ళం బజారుకు వెళ్ళివచ్చేసరికి అంతకు తక్కువ చెమట ఓడ్చం, ఇంటికొచ్చి రెండు గ్లాసుల మజ్జిగ తాగి మరిచిపోతాం. బిడ్డకు ఆ నష్టం ఒక్క రాత్రిలో జరగవచ్చు, మజ్జిగ కావాలని అడగడానికి నోట మాట ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అయిదేళ్ళ లోపు పిల్లలు ఏటా సుమారు 4.4 లక్షల మంది ఇప్పటికీ ఈ జబ్బుతోనే చనిపోతున్నారు.

ఇక్కడే మరో మాట. తల్లిపాలు మాత్రమే తాగే నెలల బిడ్డ రోజుకు ఆరేడుసార్లు పసుపుపచ్చగా, పలుచగా వెళ్ళడం జబ్బు కాదు. బిడ్డ హుషారుగా ఉండి, పాలు బాగా తాగి, బరువు పెరుగుతుంటే అది ఆ వయసుకు సహజమే. మామూలుగా వెళ్ళేదానికంటే పలుచగా, రోజుకు మూడుసార్లకు తగ్గకుండా వెళ్తుంటేనే దాన్ని విరేచనాలుగా లెక్కించాలి. ఈ తేడా తెలియక, ఏ జబ్బూ లేని పసికందుకు తల్లిపాలు ఆపించి డబ్బాపాలు పట్టించిన పెద్దవాళ్ళను చూశాను. అలా పట్టిన సీసా వల్లనే ఆ తరువాత అసలు విరేచనాలు మొదలైన సందర్భాలూ ఉన్నాయి.

ఈ పొరపాట్లలో మా దుకాణాలవారి వాటా తక్కువేమీ కాదు. పేగుల కదలికను ఆపే లోపరమైడ్ మాత్రను పెద్దవాళ్ళ కోసమని కొనుక్కుపోయి, ఇంట్లో సగం విరిచి, పొడిచేసి, తేనెలో రంగరించి మనవడికి నాకించామని చెప్పిన తాతగారు నాకు తెలుసు. ఏడాది లోపు బిడ్డకు తేనె కూడా పెట్టకూడదన్న సంగతి అలా ఉంచుదాం. ఆ మాత్ర చిన్నపిల్లల్లో పేగులను స్తంభింపజేసి పొట్ట ఉబ్బేటట్టు చేయగలదు, బిడ్డను మత్తులోకి నెట్టగలదు. విరేచనం బయటికి రావడం లేదు కదా అని ఇంట్లోవాళ్ళు సంతోషిస్తుంటారు, లోపల పేగుల్లోకి నీరు ఊరుతూనే ఉంటుంది. ఇక యాంటీబయాటిక్‌ల సంగతి. ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన సిరప్ సీసాలు వేసవిలో మా అలమరల్లోంచి ఎంత వేగంగా ఖాళీ అవుతాయో మాకే తెలుసు. వైరస్ మీద అవి పనిచేయవు. రక్తం పడే విరేచనాలకూ, కలరా వంటి కొన్ని జబ్బులకూ వైద్యుడు పరీక్షించి రాసే యాంటీబయాటిక్‌లు వేరు. నీళ్ళ విరేచనం అనగానే చీటీ కూడా అడగకుండా మేము అందించే సీసా వేరు. ఆ సీసాలు నేనూ అమ్మాను. పక్క దుకాణంవాడు ఇస్తున్నప్పుడు మనం లేదంటే బేరం పోతుందన్నదే అప్పట్లో నా తర్కం.

నా తర్కం మారడానికి కారణమైన సంఘటన ఒకటి చెప్పాలి. ఏడెనిమిదేళ్ళ క్రితం మే నెలలో, ఆటో నడుపుకునే ఒక కుర్రాడు వరుసగా రెండు రోజులు వచ్చి ఓఆర్ఎస్ పొట్లాలు అరడజను చొప్పున పట్టుకెళ్ళాడు. మందు సీసా అడగకుండా ఓఆర్ఎస్ అడిగాడు, చదువుకున్నవాడిలా ఉన్నాడు అని మనసులో మెచ్చుకున్నాను కూడా. మూడో రోజు సాయంత్రం అతని భార్య పది నెలల బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. బిడ్డ గొంతు రాచుకుపోయినట్టు ఏడుస్తోంది, చేతికందిన నీళ్ళ సీసాను వదలడం లేదు, కాళ్ళూ చేతులూ అదోలా బిగబట్టి అదురుతోంది. "ఎలా కలుపుతున్నావమ్మా?" అని అడిగాను. "గ్లాసుకో పొట్లం అంకుల్. తాగనంటుంది, చేదంటుంది, ముక్కు మూసి పోస్తున్నా" అంది. లీటరు నీటికి తయారుచేసిన పొట్లం అది. 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే అయిదింతలు చిక్కన. ఒంట్లో నీరు పోయిన బిడ్డకు ఉప్పునీరు పడుతున్నట్టే లెక్క. వెంటనే ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపించాను. వారం రోజులు ఉంచుకుని వైద్యులు నెమ్మదిగా సరిచేశారు, బిడ్డ బతికింది. ఎన్ని నీళ్ళలో కలపాలో ఆ పొట్లం మీద అచ్చు వేసే ఉంది. ఇంగ్లిషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. పొట్లాలు లెక్కపెట్టి చిల్లర ఇచ్చినవాణ్ణి నేను. "ఇది లీటరు నీళ్ళకమ్మా" అన్న నాలుగు మాటలు చెప్పనివాణ్ణీ నేనే.

కొలతకు అంత పట్టింపు ఎందుకో తెలిస్తే ఎవరూ దాన్ని తేలిగ్గా తీసుకోరు. మన పేగుల గోడలో సోడియం, గ్లూకోజ్ కలిసి లోపలికి వెళ్ళే దారి ఒకటి ఉంది. విరేచనాలతో పేగు ఎంత అవస్థపడుతున్నా ఆ దారి చాలావరకు తెరిచే ఉంటుంది. ఉప్పు ఒక్కటే పంపితే అది పెద్దగా లోపలికి పోదు. చక్కెర తోడుంటే రెండూ కలిసి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది. తోడు సమపాళ్ళలో ఉండాలి. చక్కెర ఎక్కువైతే అది పేగులోనే నిలిచిపోయి ఒంట్లోని నీటిని కూడా పేగులోకి లాగేస్తుంది, విరేచనాలు మరింత పెరుగుతాయి. ఉప్పు ఎక్కువైతే ఏమవుతుందో పైన చెప్పాను. నీళ్ళు ఎక్కువ పోసి పలుచన చేస్తే పోయిన లవణాలు భర్తీ కావు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించి నిర్ణయించిన సూత్రం ప్రకారం లీటరు నీటికి సరిపడే పొట్లంలో గ్లూకోజ్ 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, అంతా కలిపి 20.5 గ్రాములు ఉంటాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడి, సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. దాదాపు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు, మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. సూదీ, సెలైనూ లేకుండా, చదువురాని బంధువు చేతిలో గ్లాసుతో ప్రాణం నిలబడుతుందని లోకానికి చూపిన మనిషిని మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఇంతవరకు నేను చూడలేదు.

కాబట్టి కలిపే పద్ధతి కొంచెం విపులంగానే రాస్తాను. ముందు పొట్లం మీద అంకె చూడాలి. లీటరు నీటికి పెద్ద పొట్లం ఉంటుంది, 200 మిల్లీలీటర్లకు చిన్న పొట్లం ఉంటుంది, రెండూ మా దగ్గర పక్కపక్కనే ఉంటాయి. పెద్ద పొట్లమైతే లీటరు నీళ్ళ సీసాతో కొలిచి, కాచి చల్లార్చిన నీళ్ళు శుభ్రమైన గిన్నెలో పోసుకుని, పొట్లం మొత్తం ఒకేసారి అందులో కలపాలి. సగం ఇప్పుడు, సగం రేపు అని మడిచి పెట్టుకుంటే కొలత తప్పుతుంది, పొడి తేమ పట్టి గడ్డకడుతుంది. కలిపిన తరువాత మళ్ళీ కాచకూడదు; పాలలో, పళ్ళరసంలో, కూల్‌డ్రింకులో కలపకూడదు; రుచి కోసం పంచదార చేర్చకూడదు. మూతపెట్టి ఉంచి, 24 గంటలు దాటితే మిగిలినది పారబోసి కొత్తది కలుపుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు అజిత్‌సింగ్‌నగర్‌లో మా చెల్లెలి కుటుంబం మేడ మీద చిక్కుకుపోయింది. మూడేళ్ళ మనవడికి విరేచనాలు పట్టుకుంటే, మందుల షాపు అన్నది అందుబాటులో లేని ఆ రోజు, ఫోను ఛార్జింగ్ అయిపోయేలోగా చెల్లెలికి చెప్పగలిగింది ఒక్కటే: లీటరు మంచినీళ్ళలో టీ చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. పొట్లానికి ఇది సాటిరాదు, ఇందులో పొటాషియం లేదు. కానీ పొట్లం దొరికేదాకా ఆదుకుంటుంది. చెంచా మీద గుట్టగా పోస్తే మాత్రం మళ్ళీ పైన చెప్పిన ప్రమాదమే.

ఓఆర్ఎస్ అన్న పేరు చూసి మోసపోయిన రోజులూ ఉన్నాయి. రంగురంగుల అట్టపెట్టెల్లో, స్ట్రా గుచ్చి తాగే తియ్యటి పానీయాలు ఆ పేరుతోనో, ఆ పేరును పోలిన పేరుతోనో మా కౌంటర్ల మీద వరుసగా ఉండేవి. పొడి కలుపుకునే శ్రమ లేదు, పిల్లలు మారాం చేయకుండా తాగుతారు, మాకు లాభం ఎక్కువ. వాటిలో కొన్నింటిలో చక్కెర లీటరుకు 100 గ్రాములు దాటి ఉండేది. సరైన సూత్రంలో ఉండవలసింది 13.5 గ్రాములు అన్నది గుర్తు చేసుకుంటే ఆ పానీయం విరేచనాలు అవుతున్న బిడ్డకు ఏం మేలు చేస్తుందో చెప్పనక్కరలేదు. హైదరాబాదులోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రాన్ని పాటించని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఆదేశించింది. ఇప్పుడు పెట్టెల మీద పేర్లు మారాయి. అడిగేవారి నోట పాత పేరే ఉంది. "ఆ జ్యూస్ లాంటి ఓఆర్ఎస్ ఇవ్వండి" అంటారు. కొబ్బరి బొండాం, మజ్జిగ, ఉప్పువేసిన గంజి నయం. గ్లూకోజ్ పొడి మాత్రమే కలిపిన నీళ్ళు, సీసాల్లో వచ్చే పళ్ళరసాలు, సోడాలు విరేచనాల బిడ్డకు పనికిరావు.

ఎంత పట్టాలన్నది తరువాతి ప్రశ్న. రెండేళ్ళ లోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే పావు గ్లాసు నుంచి అర గ్లాసు. రెండేళ్ళు దాటిన పిల్లలకు అర గ్లాసు నుంచి గ్లాసు. ఇది నిర్జలీకరణ లక్షణాలు ఇంకా కనిపించని బిడ్డకు. కనిపిస్తే, వైద్యుడి పర్యవేక్షణలో, కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో పట్టిస్తారు. 8 కిలోల బిడ్డకు అది 600 మిల్లీలీటర్లు. దాహంగా ఉంది కదా అని గ్లాసు మొత్తం గడగడా తాగిస్తే బిడ్డ కక్కేస్తుంది, "ఏది పోసినా నిలవడం లేదు, సెలైన్ పెట్టండి" అంటూ తల్లిదండ్రులు పరుగులు తీస్తారు. కక్కితే పది నిమిషాలు ఆగి, ఆ తరువాత రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాలి. ఇందుకు మన పాత ఉగ్గుగిన్నెను మించిన సాధనం లేదని నేను నమ్ముతాను. తోమితే శుభ్రపడుతుంది, పొడుగాటి మూతితో కొద్దికొద్దిగా పోస్తుంది. పాలపీకకు ఉన్న మూలలూ, సందులూ దానికి లేవు. తల్లిపాలు తాగే బిడ్డకు వీటితోపాటు పాలు ఎప్పటికంటే ఎక్కువసార్లు ఇవ్వాలి, ఆపే ప్రశ్నే లేదు. గంటల తరబడి చెంచాతో కూర్చోవడం ఓపికతో కూడిన పని. కూలికి వెళ్ళవలసిన తల్లికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. తాగగలిగిన బిడ్డకు సెలైన్ చేసే మేలును ఈ చెంచా చేస్తుంది, సూది గుచ్చిన చోట వచ్చే బాధలు లేకుండా చేస్తుంది. అయినా మన ఊళ్ళో సెలైన్ సీసా వేలాడితేనే వైద్యం జరిగినట్టు.

నీరు పోయిందని గుర్తుపట్టడంలో మన ముసలమ్మలకు మంచి చూపు ఉంది. "మాడు పడిపోయిందిరా, కళ్ళు గుంటలు పడ్డాయి" అని మంచం మీద పడుకున్న మనవరాలిని ఒక్క చూపు చూసి చెప్పేవారు. ఏడాదిన్నర లోపు బిడ్డ నడినెత్తిన మెత్తగా ఉండే ఆ చోటు లోపలికి దిగడం నిర్జలీకరణానికి నిజమైన గుర్తే. చిక్కు ఆ తరువాత వచ్చేది: మాడుకు ఆముదం అద్ది, దిష్టి తీసి, "లంఖణం పరమౌషధం" అని బిడ్డ నోరు కట్టేయడం. ఆ సామెత తిన్నది అరగని పెద్దవాళ్ళ కోసం పుట్టి ఉంటుంది. విరేచనాలతో నీరసించిన బిడ్డను పస్తు పెడితే పేగుల గోడ కోలుకోవడం ఆలస్యమవుతుంది, బరువు తగ్గుతుంది, బరువు తగ్గిన బిడ్డకు మళ్ళీ విరేచనాలు పట్టుకుంటాయి. ఆరు నెలలు దాటిన బిడ్డకు మెత్తటి పప్పన్నంలో కాస్త నూనో నెయ్యో వేసి, పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ, ఇంట్లో ఎప్పుడూ పెట్టే తిండే కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి. తగ్గిన తరువాత రెండు వారాలపాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టాలి. పళ్ళు వస్తున్నాయి కాబట్టి విరేచనాలు మామూలే అని ఊరుకోవడం కూడా పెద్దల అలవాటే. పళ్ళు వచ్చే వయసులో బిడ్డ చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. జబ్బు వచ్చేది ఆ చేతుల నుంచి.

జింకు సంగతి చెప్పకుండా ముగిస్తే ఈ ఉత్తరం సగమే. ఓఆర్ఎస్‌తో పాటు జింకు కూడా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లోనే చెప్పాయి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10 మిల్లీగ్రాములు, 14 రోజులపాటు. మాత్రను చెంచాడు తల్లిపాలలోనో, నీళ్ళలోనో వేస్తే కరిగిపోతుంది. విరేచనాలు ఉండే రోజులు తగ్గుతాయి, రాబోయే రెండు మూడు నెలల్లో మళ్ళీ వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది. నేను చూసినంతలో పద్నాలుగు రోజులూ వాడించిన తల్లులు బహు తక్కువ. మూడో రోజు విరేచనాలు తగ్గగానే ఆ మాత్రల అట్ట గూట్లోకి పోతుంది. ఆశా కార్యకర్తలు ఇంటికి తెచ్చి ఇచ్చేవాటిలోనూ, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లోనూ ఓఆర్ఎస్, జింకు ఉచితంగానే దొరుకుతాయి. కొనవలసిన అవసరం కూడా లేదని ఒక దుకాణదారుడిగా చెబుతున్నాను.

ఏ ఘడియలో ఇల్లు వదిలి ఆసుపత్రికి బయలుదేరాలో తెలియడం పొట్లం కలపడం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. బిడ్డ మత్తుగా పడి ఉండి పిలిచినా పలకకపోయినా, తాగలేకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, కళ్ళు గుంటలు పడి ఏడిస్తే కన్నీరు రాకపోయినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా మడతగా నిలిచినా, తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోను చేయాలి. దారిలో కూడా, మింగగలిగితే, చెంచాతో పడుతూనే ఉండాలి. విరేచనంలో రక్తం కనిపించినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, పొట్ట ఉబ్బినా వైద్యుడికి చూపించాలి. రెండు నెలల లోపు పసికందుకు, బాగా బక్కచిక్కిన బిడ్డకు ఈ లక్షణాల కోసం ఎదురు చూడవద్దు, మొదటిరోజే తీసుకెళ్ళాలి. 14 రోజులు దాటినా తగ్గని విరేచనాలు వేరే జబ్బు కిందికి వస్తాయి, వాటికి పరీక్షలు కావాలి.

నీటి గురించి మీరు రాస్తూనే ఉన్నారు కనుక ఒక్క విషయమే చెబుతాను. 2018 మార్చిలో ఆనందపేట పరిసరాల్లో తాగునీరు కలుషితమై ప్రాణాలు పోయినప్పుడు పైపుల గురించి చాలా చర్చ జరిగింది. కుళాయికి నేరుగా మోటారు బిగించి నీళ్ళు లాగే మన అలవాటు గురించి జరగలేదు. నీళ్ళు వదలని వేళల్లో ఖాళీగా ఉండే పైపును మోటారుతో పీలిస్తే, ఎక్కడో మురుగు కాలువ పక్కన ఉన్న చిల్లిలోంచి మురుగు కూడా అందులోకి వస్తుంది. మోటారు ఉన్న ఇంటికీ వస్తుంది, లేని ఇంటికీ వస్తుంది. పసిబిడ్డ మలం పెద్దవాళ్ళ మలంలా హాని చేయదనుకుని కాలువలో పారేసి, ఆ చేతిని కొంగుకు తుడుచుకుని అన్నం కలపడం మరొకటి. ఇక పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు వేసే టీకా. మన రాష్ట్రం 2016లో దాన్ని ఉచిత టీకాల్లో చేర్చిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు నోట్లో వేసే ఆ చుక్కలు అన్ని విరేచనాలనూ ఆపవు. బిడ్డను ఆసుపత్రిదాకా తీసుకెళ్ళే రకం తీవ్రమైన విరేచనాలను చాలావరకు తగ్గిస్తాయి.

మీతో నా విన్నపం చిన్నది. వేసవి నెలల్లోనూ, వానాకాలం మొదట్లోనూ, జిల్లా పేజీలో కుళాయి నీళ్ళు వదిలే వేళలు, కరెంటు కోతల వివరాలు వేసే చోట, నాలుగు వేళ్ళ వెడల్పున ఒక గడి కేటాయించండి. ఓఆర్ఎస్ పెద్ద పొట్లం లీటరు నీటికి, చిన్న పొట్లం గ్లాసు నీటికి అని పెద్ద అక్షరాల్లో, ఒక సీసా బొమ్మా, ఒక గ్లాసు బొమ్మా పక్కనపెట్టి అచ్చు వేయండి. చదవలేని అమ్మమ్మకు ఆ బొమ్మ చాలు. డయేరియా వార్త వచ్చిన రోజున ఆ గడిని వార్త పక్కకే జరపండి. పొట్లాల మీద తెలుగులో కొలత ముద్రించాలని తయారీదారులను, ప్రభుత్వాన్ని ఒత్తిడి చేసే సంపాదకీయం ఒకటి రాస్తే మరీ మంచిది. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బొమ్మకు చోటు దొరికిన దేశంలో ఈ పొట్లం మీద గ్లాసు, సీసా బొమ్మలకు చోటు దొరకకపోదు.

తోటి దుకాణదారులకు కూడా ఒక మాట. ఆ ఆటో కుర్రాడి భార్య వచ్చి వెళ్ళిన మరునాటి నుంచి నా కౌంటర్ మీద ఖాళీ లీటరు సీసా ఒకటి, స్టీలు గ్లాసు ఒకటి పెట్టుకున్నాను. పొట్లం అడిగినవారికి ముందు ఆ సీసా చూపించి, పొట్లం మీద స్కెచ్ పెన్నుతో ‘1 లీటరు’ అని రాసి, ఏ పూట కలిపారో రాసుకోవడానికి పక్కన గీత గీసి ఇస్తాను. దీనికి అర నిమిషం పడుతుంది. రద్దీ వేళల్లో వెనక నిలబడినవారు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక మందుల దుకాణదారు,
పాతగుంటూరు.